ఫెల్ పరుగు పందేలకు సాధన: పోల్స్ ఎప్పుడు, ఎలా వాడాలి

ఇంగ్లండు ఉత్తర భాగంలోని లేక్ డిస్ట్రిక్ట్, స్కాట్లండు, వేల్స్ వంటి చోట్ల చెట్లు లేని ఎత్తయిన కొండల మీద సాగే పరుగును ఫెల్ రన్నింగ్ అంటారు. కొండల్లో, అడవుల్లో బాటల వెంబడి సాగే ట్రెయిల్ రన్నింగ్ అలవాటున్నవారు ఇదీ ఆ కోవకు చెందినదేనని భావించి సిద్ధమవుతారు గాని, మొదటి పందెంలోనే తేడా తెలిసిపోతుంది. ఇక్కడ చాలా పందేలలో గుర్తులు పెట్టిన బాట ఉండదు. ఒక చెక్‌పాయింటు నుంచి మరొకదానికి వెళ్లే దారిని మ్యాపు చూసి, నేలను చూసి ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. ఎత్తయిన గడ్డిదుబ్బులు, కాలు వేస్తే పిక్కదాకా దిగబడే నల్లని బురద, అడుగు కింద జారిపోయే రాళ్ల చరియలు, వానకు తడిసి నునుపెక్కిన బండలు ఒకే పందెంలో ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి.

కొండ పరుగు అనగానే ముందుగా ఒక జత పోల్స్ (చేతుల్లో పట్టుకుని నేలకు ఆనించే తేలికపాటి కర్రలు) కొని, వాటితోనే సాధన మొదలుపెట్టేవారు చాలామంది ఉన్నారు. ఆ వరుస సరైనది కాదని నా గట్టి అభిప్రాయం. ముందు పందెం ఎలాంటిదో తెలుసుకోవాలి, ఆ తరువాత కాళ్లను ఎక్కుడుకూ దిగుడుకూ సిద్ధం చేసుకోవాలి, అప్పటికీ పోల్స్ అవసరమనిపిస్తే వాటిని ఒక ప్రత్యేక విద్యగా నేర్చుకోవాలి. చేతిలో ఉన్నంత మాత్రాన పోల్స్ సాయం చేయవు. వాడటం తెలియనివారికి అవి బరువు, అడ్డంకి. కొన్నిచోట్ల ప్రమాదం కూడా.

పందేన్ని ముందుగా చదవడం

1970లో ఏర్పడిన ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ పందేలను ఎక్కుడును బట్టీ దూరాన్ని బట్టీ వర్గీకరిస్తుంది. కిలోమీటరుకు సగటున 50 మీటర్లు, అంతకు మించి ఎక్కవలసి ఉంటే అది ఎ వర్గం. కనీసం 25 మీటర్లయితే బి. కనీసం 20 మీటర్లయితే సి. ఎ వర్గంలో రోడ్డు భాగం మొత్తం దూరంలో 20 శాతానికి మించకూడదు. దూరం 10 కిలోమీటర్ల లోపయితే ఎస్, 10 నుంచి 20 వరకు ఎమ్, 20 దాటితే ఎల్. ఈ లెక్కన 8 కిలోమీటర్లలో 600 మీటర్లు ఎక్కించే పందెం ఎ.ఎస్. అవుతుంది, ఎందుకంటే దాని సగటు కిలోమీటరుకు 75 మీటర్లు. స్కాట్లండులోని బెన్ నెవిస్ పందెం దూరం సుమారు 14 కిలోమీటర్లే అయినా, దాదాపు సముద్రమట్టం నుంచి బయలుదేరి 1,345 మీటర్ల శిఖరాన్ని తాకి తిరిగి రావాలి. 1984లో కెన్నీ స్టూవర్ట్ దాన్ని 1 గంట 25 నిమిషాల 34 సెకన్లలో పూర్తిచేశాడు. ఆ ఎక్కుడు, ఆ నేల తెలిసినవారికి ఆ సమయం ఎంత అసాధారణమో వేరే చెప్పనక్కరలేదు.

పోల్స్ తీసుకెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ఈ వర్గీకరణ దగ్గరే చాలావరకు తేలిపోతుంది. ఎస్, ఎమ్ పందేలకు నేను వాటిని సిఫారసు చేయను. వాటిలో ఎక్కుళ్లు చిన్నవి, వాలు మాటిమాటికీ మారుతుంది, పక్కపక్కనే మనుషులుంటారు, దిగేటప్పుడు వేగం ఎక్కువ. పోల్స్ తీసి, విప్పి, మళ్లీ మడిచి పెట్టుకునే లోపలే ఎక్కుడు అయిపోతుంది. ఎల్ వర్గంలోనూ మూడు గంటల లోపు ముగిసే పందేలకు అవి లేకపోయినా లోటు ఉండదు. లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెస్విక్ పట్టణంలో మొదలై అక్కడే ముగిసే బాబ్ గ్రాహమ్ రౌండ్ వంటి ప్రయత్నాల విషయం వేరు: 42 శిఖరాలు, సుమారు 106 కిలోమీటర్లు, దాదాపు 8,200 మీటర్ల ఎక్కుడు, అదంతా 24 గంటలలోపు. 1932లో బాబ్ గ్రాహమ్ దాన్ని 23 గంటల 39 నిమిషాలలో పూర్తిచేశాడు. అంతసేపు కొండ ఎక్కి దిగేవారికి తొడల్లో మిగిలే శక్తి చాలా విలువైనది కాబట్టి అక్కడ పోల్స్ గురించి ఆలోచించడం న్యాయమే.

ఇంకో సంగతి మరవకూడదు. నియమాలు పందేనికో తీరుగా ఉంటాయి. అమెరికాలోని వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ల పందెంలో పోల్స్ నిషిద్ధం. ఆల్ప్స్ పర్వతాల్లో జరిగే యు.టి.ఎమ్.బి. (అల్ట్రా ట్రెయిల్ డు మాంట్ బ్లాంక్) పందెంలో అనుమతి ఉంది గాని, తీసుకెళ్లదలచినవారు మొదటి నుంచి చివరిదాకా తామే మోయాలి. మధ్యలో ఎవరికో ఇవ్వడం, ఎవరి దగ్గరో తీసుకోవడం కుదరదు. కనుక పేరు నమోదు చేసుకునే ముందే నిర్వాహకుల నియమావళి చదవడం మంచిది. నియమం అనుమతించినా, మ్యాపూ దిక్సూచీ చేతిలో పట్టుకుని దారి వెతకవలసిన పందెంలో, చేతులతో రాతిని పట్టుకుని ఎక్కవలసిన గట్ల మీద, పోల్స్ చేతులను కట్టిపడేస్తాయి. ఫెల్ పందేలలో ఈ రెండూ మామూలే.

పోల్స్ చేసే పని

పోల్స్ వాడితే అలసట మొత్తం తగ్గిపోతుందనుకోవడం పొరపాటు. అవి శ్రమను పెద్దగా తగ్గించవు. కాళ్ల మీది భారంలో కొంత చేతులకు, భుజాలకు, వీపు కండరాలకు పంచుతాయి. చదునైన నేల మీదా, కొద్దిపాటి ఏటవాలు మీదా చేతులు చేసే అదనపు పని వల్ల గుండె వేగం కొంచెం పెరగవచ్చు కూడా. వాలు నిట్రంగా మారి, పరుగు మాని నడవక తప్పని చోట మాత్రమే లాభం కనిపిస్తుంది. చాలా నిట్రమైన వాలు మీద ఒకే వేగంతో పైకి వెళ్లడానికి పరుగుకంటే నడకకే తక్కువ శక్తి పడుతుందని ప్రయోగశాలల్లో కొలిచి చూశారు. కాబట్టి అక్కడ నడవడం ఓటమి కాదు, తెలివైన పని. ఆ నడకకు తోడుగా చేతులతో నేలను వెనక్కి తోస్తే, అడుగడుగునా తొడ కండరం మీద పడే ఒత్తిడి కొంత తగ్గుతుంది. ఆ కొంత మొదటి అరగంటలో తెలియదు. నాలుగో గంటలో, ఐదో గంటలో, దిగుడు మొదలైనప్పుడు తొడలు ఇంకా మాట వింటున్నాయా లేదా అన్న దగ్గర తెలుస్తుంది.

ఎంపిక

పొడవు సరిగా ఉండాలి. చదును నేల మీద నిలబడి మొనను పాదం పక్కన ఆనించి పిడి పట్టుకుంటే, మోచేయి దాదాపు లంబకోణంలో వంగాలి. అంతకంటే రవంత పొట్టిగా ఉన్నా ఫరవాలేదు, ఎందుకంటే నిట్రమైన ఎక్కుడులో ముందున్న నేల పైకి లేచి ఉంటుంది. 170 సెంటీమీటర్ల మనిషికి 115 సెంటీమీటర్ల ప్రాంతంలోనివి సరిపోతాయి. మడత పోల్స్ త్వరగా విప్పుకోవచ్చు, చిన్నగా ముడుచుకుంటాయి కాబట్టి పందేలకు అవే మేలు; ఒకదానిలోకి ఒకటి జారే రకంలో పొడవు మార్చుకునే వీలున్నా బరువు ఎక్కువ, కీలు బిగుసుకునే బెడద కూడా ఉంటుంది. కార్బన్‌వి తేలికే గాని, రాళ్ల మధ్య ఇరుక్కుని పక్కనుంచి ఒత్తిడి పడితే పుటుక్కున విరుగుతాయి. అల్యూమినియంవి కాస్త బరువు, కాని అవి ముందు వంగుతాయి, కొన్నిసార్లు మళ్లీ సరిచేసి ఇంటిదాకా తెచ్చుకోవచ్చు. రాళ్లు ఎక్కువగా ఉండే కొండలకు కొత్తవారు అల్యూమినియంవి తీసుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

మొన దగ్గర ఉండే చిన్న ప్లాస్టిక్ చక్రాన్ని చాలామంది బరువు తగ్గించుకోవడానికి తీసేస్తారు. ఫెల్ నేలలో ఆ పని చేయకూడదు. అది లేకపోతే మెత్తని బురదలో కర్ర ఒక మూర లోతు దిగుతుంది. మనిషి ముందుకు కదిలిపోతాడు, కర్ర అక్కడే ఉండిపోతుంది, ఆ మెలికకు మొన పైభాగం విరుగుతుంది. మొన మీద తొడిగే రబ్బరు టోపీలు రోడ్డుకు పనికొస్తాయి గాని బురదలో ఊడి అక్కడే ఉండిపోతాయి కాబట్టి, కొండ మీదకు వెళ్లే ముందే వాటిని తీసి ఇంట్లో పెట్టాలి.

ఎక్కేటప్పుడు చేతుల కదలిక

పట్టీలోకి చేతిని కింది నుంచి పైకి పోనిచ్చి, ఆ తరువాత పట్టీతో కలిపి పిడిని పట్టుకోవాలి. అప్పుడు తోపు భారం మణికట్టు చుట్టూ ఉన్న పట్టీ మీద పడుతుంది, వేళ్లు వదులుగా ఉండగలుగుతాయి. పిడిని గట్టిగా పిసికి పట్టుకుంటే అరగంటలో ముంజేతులు బిగుసుకుపోతాయి.

కొత్తవారు చేసే మొదటి పొరపాటు, మొనను తమకు ముందుగా, దూరంగా నాటడం. అలా నాటిన కర్ర మనిషిని వెనక్కి నెడుతుంది. మొన పాదానికి పక్కగా, దాదాపు మడమ వరుసలో నేలను తాకాలి. ఆ క్షణాన పిడి మొనకంటే ముందుకు వాలి ఉండాలి. అక్కడి నుంచి చేతిని కిందికీ వెనక్కీ తోస్తూ, తుంటిని దాటేదాకా తీసుకెళ్లాలి. తుంటి దగ్గరే తోపు ఆపేసేవారు లాభంలో సగం పోగొట్టుకుంటారు.

దీన్ని నేర్చుకోవడానికి ఒక సులువైన అభ్యాసం ఉంది. కొద్దిగా ఏటవాలుగా ఉన్న గడ్డినేల మీద, పట్టీలు మణికట్టుకు తగిలించుకుని, పిడులు వదిలేసి, కర్రలను వెనక ఈడ్చుకుంటూ మామూలుగా చేతులూపుతూ నడవాలి. కాసేపటికి చేయి ముందుకు వచ్చినప్పుడల్లా మొన దానంతటదే నేలకు తగిలి పట్టుబడటం తెలుస్తుంది. ఆ పట్టు దొరికినప్పుడు పట్టీ మీద మెల్లగా ఒత్తాలి, ఆ తరువాతే వేళ్లతో పిడి అందుకోవాలి. పది నిమిషాలు ఇలా నడిస్తే, చేతికీ ఎదురు కాలికీ మధ్య సహజంగా ఉన్న లయ పోల్స్‌తో కూడా చెడిపోకుండా నిలుస్తుంది.

ఓ మోస్తరు వాలులో ఈ మార్చిమార్చి వేసే పద్ధతే హాయిగా ఉంటుంది. వాలు బాగా నిట్రమైనప్పుడు రెండు కర్రలనూ ఒకేసారి నాటి, వాటి మీద బరువు వేస్తూ రెండు లేదా నాలుగు అడుగులు వేసి, మళ్లీ నాటాలి. ఎత్తయిన రాతిమెట్లు వచ్చినప్పుడు రెండు మొనలనూ పై మెట్టు మీద పెట్టి లాక్కోవాలని అనిపిస్తుంది. అది భుజాలను త్వరగా అలసిపోయేలా చేస్తుంది. కింది మెట్టు మీదే నాటి కిందికి తోయడం మేలు.

పోల్స్ లేని పందేలలో ఫెల్ పరుగువారు పాతకాలం నుంచి వాడుతున్న పద్ధతి, అరచేతులను మోకాళ్ల మీద పెట్టి నొక్కుతూ నడవడం. మోకాలు వంగి ఉన్నప్పుడు దానికి కొంచెం పైన, తొడ కింది భాగం మీద చేయి పెట్టి, కాలు చాపుకునే క్షణంలో ఒత్తాలి. వీపు గూనిలా వంగకుండా తుంటి దగ్గర మడవాలి, లేకపోతే ఊపిరి సరిగా ఆడదు. పోల్స్ నేర్చుకునేవారు కూడా దీన్ని ముందు నేర్చుకోవాలని నేను పట్టుబట్టి చెబుతాను. కర్ర విరిగినా, నియమం ఒప్పుకోకపోయినా, మీ దగ్గర ఎప్పుడూ ఉండేది ఇదే.

దిగేటప్పుడు, మనుషుల మధ్య

వేగంగా దిగదలచుకుంటే పోల్స్ మడిచి పెట్టేయాలి. దిగే పరుగులో చేతులు తాడు మీద నడిచేవాడి చేతుల్లా పక్కలకు తెరుచుకుని తూకం నిలపాలి. వాటిలో కర్రలుంటే ఆ స్వేచ్ఛ ఉండదు. అడుగులు పొట్టిగా, తరచుగా పడాలి, ఒళ్లు వెనక్కి వాలకూడదు, చూపు కాలి దగ్గర కాకుండా మూడు నాలుగు మీటర్ల ముందు ఉండాలి. భయం వేసినప్పుడు వెనక్కి వాలడం సహజమే గాని, జారేది ఆ క్షణంలోనే. చాలా దూరం వచ్చి తొడలు సడలిన స్థితిలో, తడి గడ్డి మీద మాత్రం పోల్స్‌ను ముందుకు తేలికగా ఆనించుకుంటూ దిగవచ్చు. అప్పుడు చేతులను పట్టీల్లోంచి తప్పక బయటకు తీయాలి. మొన రాళ్ల సందులో ఇరుక్కున్నప్పుడు చేయి పట్టీలో చిక్కుకుని ఉంటే బొటనవేలికీ మణికట్టుకూ దెబ్బ తగులుతుంది.

పోల్స్ చేతిలో పట్టుకుని పరుగెత్తవలసి వస్తే రెంటినీ కలిపి ఒకే చేత్తో నడిమి భాగంలో పట్టుకుని, మొనలు ముందువైపు కిందికి ఉండేలా చూసుకోవాలి. మొనలు వెనక్కి ఉంటే వెనక వచ్చేవారి మోకాలికో కంటికో ముప్పు. పందెం మొదలయ్యే గుంపులో వాటిని విప్పనే కూడదు. రాతిగోడలు దాటే మెట్ల దగ్గర, గేట్ల దగ్గర రెండూ ఒక చేతిలోకి మార్చి, రెండో చేత్తో గోడను పట్టుకోవాలి.

విప్పడం, మడవడం, వీపు సంచి పక్కనున్న పొదిలో దోపడం, ఇవి నడుస్తూనే, చూడకుండానే, అరనిమిషం లోపల జరగాలి. ఇంట్లో వెచ్చగా కూర్చుని చేసినప్పుడు ఇది తేలికే. వానలో, చేతి తొడుగులతో, చలికి వేళ్లు కొయ్యబారిన స్థితిలో మడత పోల్స్ బొత్తాం నొక్కడం వేరే కథ. అందుకే తడి వాతావరణంలోనూ దీన్ని సాధన చేయాలి.

కాళ్ల సాధన

పందేన్ని కిలోమీటర్లతోనే కాక, ఎక్కుడు మీటర్లతో కూడా కొలవడం అలవాటు చేసుకోవాలి. స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నేస్మిత్ 1892లో చెప్పిన లెక్క, గంటకు మూడు మైళ్లు, ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకు మరో గంట, నడిచేవారి కోసం ఉద్దేశించినదైనా పరుగువారికి కూడా మంచి దారి చూపుతుంది. దాని ప్రకారం ఒక మీటరు ఎక్కుడు సుమారు ఎనిమిది మీటర్ల చదునుతో సమానం. 10 కిలోమీటర్లలో 700 మీటర్లు ఎక్కే పందేన్ని కాళ్లు దాదాపు 16 కిలోమీటర్ల పరుగుగా లెక్క వేసుకుంటాయన్న మాట. శిక్షణ డైరీలో వారానికెంత ఎక్కారో రాసుకుని, పన్నెండు వారాల వ్యవధిలో ఆ అంకెను మెల్లగా పెంచుకుంటూ, ఎస్, ఎమ్ పందేలకైతే కనీసం పందెంలో ఉన్నంత ఎక్కుడును వారం మొత్తం మీద హాయిగా పూర్తిచేయగల స్థితికి రావాలి. ప్రతి నాలుగో వారం కొంత తగ్గించి కాళ్లకు విశ్రాంతినివ్వాలి.

వారంలో ఒక రోజు చిన్న ఎక్కుళ్లు: రెండు మూడు నిమిషాలు గట్టిగా పైకి, నెమ్మదిగా కిందికి, అలా ఆరు నుంచి ఎనిమిది సార్లు. ఇంకో రోజు ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా సాగే ఎక్కుడు, మాట్లాడటం కష్టమయ్యేంత, అయితే ఊపిరి అందకుండా పోనంత వేగంతో. ఈ రెండో రోజున పరుగు నుంచి నడకకు, నడక నుంచి పరుగుకు మారడాన్ని కావాలని సాధన చేయాలి. వాలు తగ్గిన వెంటనే నాలుగు అడుగుల్లో మళ్లీ పరుగు అందుకోవడం ఒక నేర్పు. చాలామంది శిఖరం మీద ఊపిరి తీసుకుంటూ నిలబడి నిమిషాలు పోగొట్టుకునేది అక్కడే. వారాంతంలో సుదీర్ఘమైన పరుగు, వీలైనంతవరకు బాట వదిలి, గడ్డిలోనూ బురదలోనూ. పోల్స్ వాడదలచినవారు పందేనికి ఎనిమిది వారాల ముందు నుంచి వారానికి ఒకసారి ఈ దీర్ఘ పరుగులో వాటిని తీసుకెళ్లాలి. మొదట్లో కాళ్లకంటే ముందు మోచేయి వెనక కండరాలు, భుజాలు నొప్పి పెడతాయి. బెంచీ మీద చేతులానించి చేసే డిప్స్, రోయింగ్ వంటి వ్యాయామాలు అందుకు సాయపడతాయి.

దగ్గరలో కొండలు లేనివారు ట్రెడ్‌మిల్‌ను 12 నుంచి 15 శాతం వాలుకు ఎత్తి నడవవచ్చు, మెట్లు ఎక్కవచ్చు. ఎక్కుడు వరకు ఇది బాగానే సరిపోతుంది. దిగుడు మాత్రం మామూలు ట్రెడ్‌మిల్ మీద రాదు, కనుక ఎక్కిన మెట్లను లిఫ్టులో కాకుండా కాళ్లతోనే దిగాలి. ఒంటికాలితో నెమ్మదిగా మెట్టు దిగే వ్యాయామం కూడా చేయాలి.

నిజానికి దిగుడు సాధనే చాలామంది వదిలేసే భాగం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపవలసి ఉంటుంది. అలాంటి పని కండరపు నారలను సన్నగా దెబ్బతీస్తుంది. నొప్పి అప్పటికప్పుడు కాకుండా, ఒకటి నుంచి మూడు రోజుల తరువాత తారస్థాయికి చేరుతుంది. అదే పని ఒకసారి గట్టిగా చేసి కోలుకున్న కండరం రెండోసారి అంతగా దెబ్బతినదు, ఆ రక్షణ కొన్ని వారాలపాటు నిలుస్తుంది. అందువల్ల పందేనికి రెండు మూడు వారాల ముందు ఒక కఠినమైన దిగుడు సాధన పెట్టుకోవడం ఎంతో లాభసాటి. ఆఖరి వారంలో అదే పని చేస్తే నొప్పితో బరిలోకి దిగవలసి వస్తుంది.

పందెం రోజు

తల కప్పే టోపీ, చేతి తొడుగులు, నీరు చొరకుండా అతుకులు మూసిన కోటు, అదే రకం ప్యాంటు, మ్యాపు, దిక్సూచి, ఈల, అత్యవసర ఆహారం; నిర్వాహకులు సాధారణంగా అడిగే జాబితా ఇది. ఎండగా ఉందని దేన్నీ తీసేయవద్దు. కింద చొక్కాతో చాలనిపించిన రోజునే శిఖరం మీద గాలివానలో మనిషి వణికిపోతాడు.

పోల్స్ ఎక్కడ తీయాలో, ఎక్కడ పెట్టాలో ముందురోజే మ్యాపు మీద చూసుకుని గుర్తుపెట్టుకోవాలి. మ్యాపులో ఎత్తును చూపే రేఖలు దగ్గరదగ్గరగా ఉన్న పొడవాటి గడ్డి వాలు వస్తుంటే దాని మొదట్లోనే తీయాలి, సగం ఎక్కాక కాదు. రాతిగట్టు వస్తుంటే దాని అంచుకు చేరకముందే మడవాలి. పక్కగాలి బలంగా ఉంటే తేలికైన కార్బన్ పోల్స్ నాటబోయే చోటికి కాకుండా పక్కకు కొట్టుకుపోయి కాళ్లకు అడ్డం పడతాయి. అలాంటి శిఖరాల మీద వాటిని దాచిపెట్టి, చేతులు మోకాళ్ల మీదకు తెచ్చుకోవడమే క్షేమం. రెండు కర్రల్లో ఒకటి విరిగితే ముక్కలను అక్కడే వదలకుండా సంచిలో పెట్టుకుని, మిగిలినదాన్ని ఏటవాలు పైవైపు ఉన్న చేత్తో వాడుకుంటూ సాగవచ్చు.

ఇంటికి చేరాక పోల్స్‌ను మంచినీటితో కడిగి, భాగాలను విడదీసి నీడలో ఆరబెట్టాలి. తడితో మడిచి పెడితే కీళ్ల దగ్గర తుప్పో పాచో పట్టి మరుసటిసారి బిగుసుకుంటాయి. మడత పోల్స్ లోపలి తాడు చిరుగులను, మొన అరుగుదలను అప్పుడే చూసుకుని, అరిగిన మొనను తరువాతి పందేనికి ముందే మార్చుకోవాలి.